రబ్బరు మూతలో సూది

ల్యాబ్ టెక్నీషియన్‌గా ఇన్నేళ్లు పనిచేస్తే నాకు మిగిలిన బిరుదు ఒక్కటే: చాదస్తుడు. రిటైరైన రోజు శాలువా కప్పిన వాళ్లు కూడా అదే మాటను కాస్త తీపి చేసి "శుభ్రత దగ్గర రాజీ పడని మనిషి" అన్నారు. నాకేం కోపం రాలేదు. మా నాన్న ఇల్లెందులో బొగ్గుబావి కార్మికుడు. డ్యూటీ దిగి వస్తే మా అమ్మ ఆయన్ని గడప బయటే నిలబెట్టి, ఒంటి మీద నీళ్లు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది. ఆ ఇంట్లో పెరిగినవాణ్ని కాబట్టి బల్ల మీద మరక కనిపిస్తే నాకు అన్నం సయించదు.

ఇప్పుడు కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు వచ్చి "మీ రోజుల్లో కేసులు ఎట్లుండేవి సార్" అని అడుగుతుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఎప్పుడూ ఒకే కేసు. అందులో నా గొప్పతనం పెద్దగా లేదు. భయం చాలా ఉంది, తిట్లు కొన్ని ఉన్నాయి, చివర్లో గుండెల మీది బరువు దిగిన ఒక సాయంత్రం ఉంది. ఆ సాయంత్రం కోసమే మళ్లీ మళ్లీ చెబుతుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నేను అడవి అంచున ఒక ట్రస్టు దవాఖానాలో పనిచేశాను. ఊరి పేరు చెప్పను. బూర్గంపాడు దాటాక ఎక్కడో ఉందనుకోండి, చాలు. చుట్టూ కోయగూడేలు, వాటి మధ్య వాగులు. వానాకాలం వచ్చిందంటే వాగులు పొంగి రోడ్డు తెగిపోయేది. మందులు, కూరగాయలు, పేపరు అన్నీ ఆగిపోయేవి. అలాంటి చోట ట్రస్టువాళ్లు ముచ్చటపడి నవజాత శిశువులకు ఒక చిన్న వార్డు పెట్టారు. పిల్లల రక్తంలో క్రిములుంటే పెంచి చూడటానికి నాకు కూడా ఒక ఇంక్యుబేటర్ పెట్టె కొనిచ్చారు.

ఆ పని ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. జబ్బుపడ్డ బిడ్డ రక్తం కొంచెం తీసి పోషకాలున్న సీసాలో వేసి, పాలు తోడుపెట్టినట్టు వెచ్చగా ఉంచుతాం. క్రిమి ఉంటే పెరుగుతుంది. దాన్ని ఒక ప్లేటు మీద పరిచి, మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. ఏ బిళ్ల చుట్టూ క్రిమి పెరగకుండా ఖాళీ వలయం ఏర్పడుతుందో ఆ మందు పనిచేస్తుంది. వలయం లేకపోతే ఆ మందుకు క్రిమి లొంగదని అర్థం.

చలి మొదలైన రోజుల్లో ఆ వార్డులో ఒక పాప పాలు తాగడం మానేసింది. ఒళ్లు చల్లబడింది. రక్తం నాకు పంపారు. క్లెబ్సియెల్లా అనే క్రిమి పెరిగింది. మేం రోజూ వాడే మందుల బిళ్లలన్నీ పెట్టి చూశాను. క్రిమి ఏ బిళ్లనూ లెక్కచేయలేదు, అంచుల దాకా దట్టంగా పెరిగింది. ఖరీదైన ఒకే ఒక మందు చుట్టూ మాత్రం పెద్ద వలయం కనిపించింది. అప్పట్లో మేమంతా దాన్ని 'పెద్ద మందు' అనేవాళ్లం. అది మా దగ్గర ఉండేది కాదు. ప్లేటు పట్టుకుని నేను వార్డుకు వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. పాప దక్కలేదు.

తర్వాత ఇంకో పాపకు అదే జబ్బు వచ్చింది. అదే క్రిమి, అదే మొండితనం. ఈసారి జల్దీగా ఖమ్మంలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ పెద్ద మందు ఇచ్చారు, పాప కోలుకుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మా పిల్లల డాక్టరు మధిర వైపు మనిషి. కుర్రవాడే కానీ పని తెలిసినవాడు. ఆయనకు ఒక అనుమానం వచ్చింది. ల్యాబులోకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి మెల్లగా అన్నాడు.

"ఏమండీ, రెండు శాంపిల్సులో అచ్చం ఒకే క్రిమి అంటున్నారు. మీ ల్యాబులోనే ఎక్కడో ఉండి, మీ సీసాల్లో పడుతోందేమో చూశారా?"

నా ఒళ్లు మండిపోయింది. నా ల్యాబులో! ఈగ వాలితే దాని కాళ్లు కడిగించే రకాన్ని నేను. అయినా ఆయన మాటలో న్యాయం ఉంది. అలా జరిగిన ల్యాబులు ఉన్నాయి. అందుకే ఎవరి రక్తమూ వేయకుండా ఖాళీ సీసాలు పెట్టెలో పెట్టి చూశాను. ఏదీ పెరగలేదు. ఆ సీసాలు తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద వరసగా పెట్టి "నా ఇల్లు శుభ్రం సార్. రెండు ఊర్ల పిల్లలకు ఒకే క్రిమి వచ్చిందంటే అది వార్డులో కాపురం ఉన్నది" అన్నాను. నా గొంతు కాస్త ఎక్కువే లేచింది. ఆయన నవ్వి "అయితే పట్టుకోండి దాన్ని" అన్నాడు.

ఇక చూడండి నా వేట. దూది చుట్టిన పుల్లలు కట్టలు కట్టుకుని వార్డు మీద పడ్డాను. పుల్లతో తుడవడం, దానికి అంటినదాన్ని ప్లేటు మీద పెంచి చూడటం. కుళాయి, సబ్బుపెట్టె, తూకం యంత్రం, ఆక్సిజన్ గొట్టం, తల్లులు తెచ్చుకున్న ఉగ్గుగిన్నెలు, డాక్టరు గారి స్టెతస్కోపు, గోడ మీది రాములవారి పటం అంచు దాకా దేన్నీ వదల్లేదు. నర్సులు నన్ను చూడగానే చేతులు వెనక్కి దాచుకుని నవ్వేవాళ్లు. నవ్వనిది హెడ్ సిస్టర్ ఒక్కతే.

ఆమెది తిరుమలాయపాలెం దగ్గర పల్లెటూరు. నాకంటే పెద్దది, నేను అక్కా అనేవాణ్ని. ఆ వార్డును ఆమె తన వంటిల్లులా చూసుకునేది. అక్కడ ఒక పిన్నీసు పోయినా ఆమెకు తెలిసేది.

"ఏంది తమ్మీ, నా చేతులు గూడ తుడుస్తవా?" అంది.

"తుడుస్త అక్కా. ముందుగాల నావి తుడుచుకున్న, డాక్టరు సార్‌వి గూడ తుడిచిన."

"తుడుసుకో. నా చేతుల మీద పెరిగిన పిల్లలు ఈ చుట్టుపక్కల ఎందరున్నరో లెక్క లేదు. నీ పుల్లకేం ఎరుక?" అని చేతులు చాపింది.

ఆమె చేతుల్లో ఏమీ దొరకలేదు. ఎవరి చేతుల్లోనూ, ఏ వస్తువు మీదా ఆ క్రిమి దొరకలేదు. నేను ఆరిపోయిన దీపంలా ల్యాబులో కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది ఆ తల్లి. వాగు అవతలి గూడెం నుంచి, నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్లను చీరలో చుట్టుకుని వచ్చింది. ఆమెకు కోయ తప్ప తెలుగు రాదు. భర్తకు సంతలో మాట్లాడేంత తెలుగు వచ్చు. ముందు ఒక బిడ్డ పుట్టి పోయిందని ఆయనే చెప్పాడు. ఈ పాపను బతికించుకోవాలని గట్టు ఎక్కీ దిగీ అంత దూరం నడిచి వచ్చారు. మేం వాళ్లను ఆ వార్డులోకే తీసుకున్నాం. ఇంకెక్కడికి తీసుకుంటాం?

మొదట్లో పాప బాగానే ఉంది. ఒళ్లు పెట్టడం మొదలైంది. అంతలో ఒక పొద్దున పాలు మానేసింది. నా సీసాలో అదే క్రిమి. ఖమ్మం పంపుదామంటే ఊపిరి సరిగా ఆడటం లేదు, దారిలోనే ఏమవుతుందోనని డాక్టరు భయపడ్డాడు. ట్రస్టువాళ్లు ఖమ్మం మెడికల్ షాపు నుంచి పెద్ద మందు తెప్పించారు. మొదలుపెట్టాం. హమ్మయ్య, దారిలో పడ్డాం అనుకున్నాం.

పడలేదు. పాప ఒక పూట కాస్త కళ్లు తెరిచేది, మరో పూట రంగు మారిపోయేది. తల్లి మాత్రం మంచం పక్కన కింద కూర్చుని, రెండు వేళ్లు పాప పాదం మీద పెట్టుకుని ఉండేది. మమ్మల్ని ఏమీ అడిగేది కాదు. ఆమె చూపు తప్పించుకోవడానికి నేను వార్డులోకి వెళ్లడం తగ్గించేశాను.

ఒక మధ్యాహ్నం డాక్టరు నన్నూ హెడ్ సిస్టర్‌నూ పిలిచాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అదే క్రిమి, అదే మందు. ఖమ్మంలో పనిచేసింది, ఇక్కడ పనిచేయడం లేదు. మీ ప్లేటు మీద కూడా వలయం పెద్దదే వచ్చింది. మరి తేడా ఎక్కడుందండీ?"

ఆయన ఎవరినీ అనలేదు. కానీ హెడ్ సిస్టర్‌కు సూది గుచ్చుకున్నట్టయింది. ఖమ్మానికీ ఇక్కడికీ తేడా అంటే ఇక్కడి నర్సులని ఆమెకు వినిపించింది.

"అంటే మా పిల్లలు ఇంజెక్షన్ సరిగ్గ ఇస్తలేరనా సార్? గిప్పుడే ఇచ్చే టైం అయింది. ఇద్దరూ రండ్రి. నేనే ఇస్త. మొదటిసంది చివరిదాకా చూడుండ్రి. ఏడ తప్పున్నదో చెప్పుండ్రి."

వెళ్లాం. ఆమె మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. అంత అందంగా చేతులు కడుక్కునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆరబెట్టుకుంది. కొత్త సిరంజి కవరు చింపింది. పెద్ద మందు సీసా తీసి, రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరేదాకా ఆగింది. అది పొడి మందు, నీళ్లు కలిపి కరిగించాలి. ఆమె చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లింది. అక్కడ స్టాండుకు ఒక గ్లూకోజు నీళ్ల సీసా తలకిందులుగా వేలాడుతోంది. దాని రబ్బరు మూతలో ఒక సూది ఎప్పుడూ గుచ్చే ఉంటుంది. ఆ సూదికి సిరంజి తగిలించి, కావలసినంత గుంజి, మందులో కలిపి, ఊపింది. పొడి కరిగిపోయింది.

నేను ఆ సూదినే చూస్తున్నాను. వార్డంతా పుల్లతో తుడిచినవాణ్ని ఆ సీసాను ఎందుకు వదిలేశాను? ఎందుకంటే అది మందు. మందు మీద క్రిమి ఉంటుందని ఎవరనుకుంటారు? అది కుర్చీలాగా, గోడలాగా అక్కడ ఉండిపోయింది, అంతే.

"అక్కా, ఆ సీసా ఎప్పుడు తెరిచిండ్రు?"

"ఏ సీసా?" అంది ముందు. తర్వాత తలెత్తి చూసింది. "నిన్న... కాదు, మొన్ననా..." సిరంజి పట్టుకున్న చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. "సార్, జర ఆగుండ్రి. నేను ఇది ఇయ్య" అంది.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. ఆ సిరంజిలో ఉన్నది మా దగ్గరున్న పెద్ద మందులో చివరిది. తర్వాతి మందు సాయంత్రం ఖమ్మం బస్సులో రావాలి. ఇస్తే, ఆ నీళ్లలో క్రిములుంటే, మా చేతులతో మేమే పాప రక్తంలోకి పంపినట్టు. ఇవ్వకపోతే, మా అనుమానం తప్పయితే, అంత నీరసంగా ఉన్న పిల్లకు ఒక పూట మందు ఎగ్గొట్టినట్టు. ఇవేమీ తెలియని తల్లి కింద కూర్చుని సిరంజి వైపే చూస్తోంది. డాక్టరు నా వైపు తిరిగాడు. నేను సీసా దించి, ల్యాబుకు పరుగెత్తాను. ఆయనా నా వెనకే వచ్చాడు.

పెంచి చూసేంత వ్యవధి లేదు. ఆ నీళ్లు కొంచెం గుండ్రంగా తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున దిగిన బొట్టును అద్దం ముక్క మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. కంటికి చూస్తే అవి తేటనీళ్లే, తాగబుద్ధేసేంత తేటగా ఉన్నాయి. లెన్సులో చూస్తే గులాబీ రంగు పొట్టి గీతలు, గుంపులు గుంపులు. నేను లేచి డాక్టరుకు స్టూలు ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. తల ఎత్తకుండానే నవ్వడం మొదలుపెట్టాడు.

"దొరికిందండీ. దొరికింది దొంగ. మందు లోపలివాటిని చంపుతోంది, మందులో కలిపిన నీళ్లు ప్రతిసారీ క్రిముల విషాన్ని తీసుకెళ్తున్నాయి. మిగతా ఇంజెక్షన్లు కూడా దీంతోనే కదా కలుపుతున్నాం. అవి కొత్త క్రిముల్ని పంపుతున్నాయి. పిల్ల ఎక్కడ తేరుకుంటుందీ?"

తిరిగి వార్డుకు వచ్చి, ఆయన హెడ్ సిస్టర్‌తో ఒకే మాట అన్నాడు. "పారబోయండి." ఆమె సిరంజిలోని మందును సింకులో పోసింది. పోసి అక్కడే స్టూలు మీద కూలబడింది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

"వాగులు పొంగిన యేడు నేర్చుకున్నం తమ్మీ," అంది. "రోడ్డు బంద్ అయింది. వార్డుల మొత్తం పిల్లలు, చేతిల కొన్ని సీసాలే. ఒక్క సీసాకు సూది గుచ్చి అందరికీ తలా ఇంత తీసినం. గట్ల చేస్తెనే ఆ పిల్లలు బతికిండ్రు. మంచి ఉపాయం అని అందరం మెచ్చుకున్నం. వాగు దిగినంక ఆ సూది తియ్యాలె గద. ఎవ్వరికీ యాదికి రాలె."

డాక్టరు ఆమె పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సిస్టర్, నేను రోజుకు రెండుసార్లు ఆ సీసా పక్కనే నిలబడి రౌండ్స్ చేస్తున్నా. నాకూ కనపడలేదు. మన దగ్గర ఇంకేం నీళ్లున్నాయి, అది చెప్పండి" అన్నాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. స్టోర్ బీరువా తాళం తీసింది. కింది అరలో అట్టపెట్టెల నిండా చిన్న చిన్న గాజు ఆంప్యూల్స్! పొడి మందులు కొన్ని వచ్చేటప్పుడు వాటి డబ్బాలోనే కలుపుకునే శుద్ధమైన నీళ్లు ఒక ఆంప్యూల్‌లో వస్తాయి. పెద్ద సీసా ఉండగా ఇవెందుకని, వానాకాలానికి పనికొస్తాయని, ఆమె ఒక్కొక్కటీ తీసి దాచిపెట్టింది. పాపకు కావలసిన నీళ్లు అంతకాలం ఆ బీరువాలోనే ఉన్నాయి. అది చూసి ఏడవాలో నవ్వాలో ముగ్గురికీ తెలియలేదు. ముందు నవ్వింది ఆమే.

ఇక మిగిలింది బస్సు. పాప తండ్రీ నేనూ రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాం. చలిగాలి మొదలైంది. ఆయన నేల చూపులు చూస్తూ అడిగాడు.

"సారూ, మందు మోరీల పోసిండ్రంట. ఇగ పిల్ల దక్కదనేనా?"

"కాదు. మంచిగ ఇద్దామని పోసినం. తప్పు మా దగ్గర ఉండె, మీ దగ్గర లేదు, పిల్ల దగ్గర లేదు. గిప్పుడు దొరికింది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. "అవ్" అని మాత్రం అన్నాడు.

బస్సు పొద్దుగూకే ముందే వచ్చింది. కండక్టరు కిటికీలోంచి కవరు అందించాడు. దాన్ని నాకంటే ముందు తండ్రే అందుకుని పరుగెత్తాడు. వయసులో ఉన్నప్పుడు కూడా నేను అంత వేగంగా ఉరికింది లేదు, అయినా ఆయన వెనకే ఉరికాను.

హెడ్ సిస్టర్ సిద్ధంగా ఉంది. మళ్లీ చేతులు కడుక్కుంది. ఆంప్యూల్ మెడ పట్టుకుని విరిచింది. 'టక్' మని చిన్న చప్పుడు. ఆ నీళ్లతో మందు కలిపి ఇచ్చింది. మిగిలిన నీళ్లు పారబోసింది. అంత పొదుపరి, ఆ మిగులును పారబోస్తుంటే ఆమె చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. నేను చూశాను, చూడనట్టు ఉన్నాను.

మర్నాడు పాప ఒళ్లు వెచ్చబడింది. ఆ తర్వాత ఏడ్చింది. నెలలు నిండని పిల్లల ఏడుపు పిల్లికూత అంత ఉంటుంది, అయినా వార్డంతా ఆగి విన్నది. ఉగ్గుగిన్నెలో పాలు పోస్తే నాలుక చప్పరించింది. డాక్టరు బయటికొచ్చి వరండా స్తంభానికి ఆనుకుని, ఎవరూ లేరనుకుని రెండు చేతులూ జోడించాడు. నేను చెట్టు చాటున టీ తాగుతూ ఉన్నాను. అంత రుచిగల టీ ఆ క్యాంటీన్‌లో ఎప్పుడూ కాయలేదు. వార్డులో మళ్లీ ఆ క్రిమి కనిపించలేదు.

ఇంకో వింత జరిగింది. తెలుగు రాని ఆ తల్లికి ఆంప్యూల్ చప్పుడు వచ్చేసింది. 'టక్' మని వినపడగానే, ఎక్కడున్నా లేచి వచ్చి, పాప చెయ్యి మెత్తగా పట్టుకుని సిస్టర్ ముందు చాపేది. ఆ చప్పుడుతో పాటే తన బిడ్డ బాగుపడిందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. హెడ్ సిస్టర్ కూడా ఆంప్యూల్ ఎప్పుడూ ఆమెకు కనబడేలా ఎత్తి పట్టుకుని విరిచేది.

ఆ తర్వాతి వానాకాలంలోనూ వాగులు పొంగాయి. రోడ్డు తెగింది. నేను ఉండబట్టలేక దూదిపుల్ల పట్టుకుని వార్డుకు వెళ్లాను. స్టాండుకు సీసా లేదు. వానలకు ముందే ట్రస్టువాళ్ల మీద పోట్లాడి ఆమె బీరువా నింపించుకుంది. నన్ను చూసి "ఏం తమ్మీ, చేతులు తుడుస్తవా?" అని రెండు చేతులూ చాపింది. ఈసారి నవ్వుతూ చాపింది.

కానీ నాకు ఎక్కువ గుర్తుండేది అది కాదు. పాప మందుల కోర్సు ముగిసిన రోజు సాయంత్రం. డాక్టరూ హెడ్ సిస్టరూ నేనూ వార్డులో ఉండగా, ఇంజెక్షన్ వేళకు తల్లి తనంతట తనే వచ్చింది. పాప చెయ్యి చాపి, చప్పుడు కోసం చూస్తోంది. చప్పుడు లేదు. ఆమె మొహంలో భయం మొదలైంది. మందు అయిపోయిందా, మళ్లీ బస్సు రాలేదా అని ఆమె చూపులు మా ముగ్గురి మధ్యా తిరిగాయి. భర్త బయట ఉన్నాడు, చెప్పేవాళ్లు లేరు. హెడ్ సిస్టర్ ఒక క్షణం ఆలోచించి, తన రెండు అరచేతులూ ఆమె ముందు విప్పి చూపించింది. సూది లేదు, సిరంజి లేదు, ఆంప్యూల్ లేదు. తర్వాత ఆ ఖాళీ చేతులతోనే పాపను ఎత్తి తల్లి ఒళ్లో పెట్టి, తలుపు వైపు చూపించింది.

ఆ తల్లికి అర్థమైంది. వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా నవ్వని మనిషి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది.